రెండో సీసాలోని ముక్కలు

నా భార్య కడుపులో ఏం మొదలైందో ఆమె కంటే ముందు నేను చూశాను. నా రెండు కళ్లతో, మా డిపార్ట్‌మెంటు మైక్రోస్కోపులో, పట్టపగలు తీరిగ్గా కూర్చుని చూశాను. చూసి నవ్వాను కూడా. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ నా చెంపలు నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

నేను యూనివర్సిటీలో జంతుశాస్త్ర విభాగంలో ల్యాబ్ టెక్నీషియన్ని. ఇరవై ఎనిమిదేళ్లుగా నా పని ఒకటే. రీసెర్చి పిల్లలు ఎలుక కాలేయమో, చేప మొప్పో, కప్ప పేగో తెచ్చిస్తారు. దాన్ని మైనంలో దిమ్మగా పోసి, మిషన్ మీద కాగితం కంటే పల్చగా కోసి, గోరువెచ్చటి నీళ్లలో తేల్చి, గాజు పలక మీదికి ఎక్కించి, రంగులు పట్టించి ఇస్తాను. ఎన్ని పీహెచ్‌డీలు నా చేతి మీదుగా వెళ్లాయో! ఏ స్లైడ్ పెట్టినా, దాని మీది పేరు చూడకుండా అది ఏ అవయవమో చెప్పేస్తాను. కొత్త పిల్లలు నాతో పందెం కట్టేవాళ్లు. నేను ఓడిన రోజు లేదు. దాంతో నాకు కళ్లు నెత్తికెక్కాయి. క్యాంపస్‌లో పొద్దున వాకింగ్‌కి వచ్చేవాళ్లు కొందరు తమ రక్తపరీక్ష కాగితాలు కూడా నాకే తెచ్చి చూపించేవాళ్లు. నేనూ కళ్లజోడు సవరించుకుని పెద్ద డాక్టర్‌లా చదివి పెట్టేవాణ్ని. మనుషుల రోగాల గురించి నాకేం తెలుసని వాళ్లు అడగలేదు, తెలియదని నేనూ చెప్పలేదు.

నా భార్య తార్నాకలో ఒక ప్రైవేటు బళ్లో తెలుగు టీచరు. క్యాంపస్ క్వార్టర్స్ నుంచి నడిచి వెళ్లేది. పొద్దున ఏమీ తినకుండా పరుగు, ఇంటర్వెల్లో చాయ్, మధ్యాహ్నం చల్లారిపోయిన అన్నంలోకి తొక్కు. కడుపులో మంట ఆమెకు ఎన్నేళ్లుగా ఉందో మా ఇద్దరికీ గుర్తులేదు. వాళ్ల స్టాఫ్‌రూంలో టీచర్లందరి హ్యాండ్‌బ్యాగుల్లోనూ గ్యాస్ గోళీలు ఉంటాయి, ఒకరివి ఒకరు చాక్లెట్లలాగా పంచుకుంటారు. ఈమె కూడా మంట లేస్తే ఒకటి వేసుకుని క్లాసుకు వెళ్లిపోయేది. నాకు చెబితే, "ఏమైతది, తొక్కు తగ్గియ్యి" అనేవాణ్ని. అంతకు మించి పట్టించుకున్న పాపాన పోలేదు.

కానీ ఆమెకు లోపల ఒక భయం ఉండేది. వాళ్లమ్మ ఊళ్లో కడుపులో గడ్డతో పోయింది. అది ఏ గడ్డో ఏ డాక్టరూ తేల్చి చెప్పలేదు. చివరి రోజుల్లో గంజి కూడా దిగేది కాదట. కూతురు చెంచాతో పోస్తే ఆమె మొహమాటానికి మింగి, కూతురు అటు తిరగ్గానే కక్కేసేదట. ఈ సంగతి పెళ్లయిన ఇన్నేళ్లలో నా భార్య నాకు రెండుసార్లే చెప్పింది. రెండోసారి చెప్పిన వారానికే తనంతట తాను ఆసుపత్రికి బయల్దేరింది. "ఒక్కసారి చూపిచ్చుకుంటే ఫికర్ పోతది గద" అంది. నేనూ వెంట వెళ్లాను.

నోట్లోంచి గొట్టం వేసి చూసిన డాక్టరమ్మ మమ్మల్ని కూర్చోబెట్టి మాట్లాడింది. కడుపు నిండా చిన్న చిన్న పాలిప్స్ ఉన్నాయంది. నా భార్య నా చెయ్యి పట్టుకుంది.

"భయపడకండమ్మా" అంది డాక్టరమ్మ. "పాలిప్స్ అంటే లోపల లేచిన పులిపిర్లు అనుకోండి. చూడ్డానికి ఇవి మామూలు రకమే. కాన్సర్‌గా మారేది చాలా తక్కువ. కానీ ఇన్ని లేచాయంటే మీ కడుపు లోపలి గోడ చాలా ఏళ్లుగా వాచి ఉందన్నమాట. నాకు పాలిప్స్ కంటే ఆ గోడ మీదే ఎక్కువ అనుమానం. అందుకే రెండు సీసాలు పంపిస్తున్నా. ఒకదాంట్లో పాలిప్స్ ముక్కలు, రెండోదాంట్లో వాటి మధ్యలో ఉన్న గోడ ముక్కలు."

రిపోర్టు వచ్చిన రోజు బళ్లో పరీక్షలు. నేనొక్కణ్నే వెళ్లాను. ఆ ఒక్క రోజు ఆమెను సెలవు పెట్టించి తీసుకెళ్లి ఉంటే ఎంత బాగుండేది! బయట యాభై మంది ఉన్నారు. డాక్టరమ్మ గబగబా చూసి, "మొదటి సీసాలో ఏం లేదు, పాలిప్స్ మంచివే. రెండోదాంట్లో గోడలో కొంచెం మార్పు ఉంది. ఇప్పటికి ప్రమాదం కాదు కానీ కనిపెట్టుకుని ఉండాలి. కడుపులో బ్యాక్టీరియా కూడా ఉంది, రెండు వారాలు ఈ మందులు వాడాలి. సరిగ్గా ఏడాదికి ఆమెను తీసుకుని రండి. మర్చిపోవద్దు" అంది. చీటీ మీద కూడా ఏడాది తర్వాత రావాలని రాసి, దాని కింద రెండు గీతలు గీసింది.

బయటికొచ్చి మెట్రో కింద నీడలో నిలబడి రిపోర్టు చదివాను. మొదటి సీసా గురించి రాసింది చదువుతుంటే ప్రాణం లేచొచ్చింది. రెండో సీసా దగ్గర 'ఇంటెస్టైనల్' అన్న మాట కనబడింది. ఇంటెస్టైన్ అంటే పేగు. దాని పక్కన ఇంకో మాట ఉంది. దాని మీద నా చూపు నిలవలేదు. కడుపులోంచి తీసిన ముక్కకు పేగు ఎక్కణ్నుంచి వచ్చింది? నాకు అక్కడే అనుమానం మొలిచింది. పరీక్ష చేసిన ల్యాబ్‌కి వెళ్లి, స్లైడ్లు కావాలని అర్జీ రాసిచ్చి వచ్చాను. ఇంట్లో ఆమె అడిగితే రిపోర్టు రేపిస్తారని చెప్పి, మర్నాడు స్లైడ్లు తెచ్చుకున్నాను. పేషెంటు వాళ్లు అడిగితే ఇస్తారు, అందులో దొంగతనమేమీ లేదు.

మధ్యాహ్నం డిపార్ట్‌మెంటులో ఎవరూ లేని వేళ చూసి, మొదటి సీసా స్లైడ్ పెట్టాను. పాలిప్. వాపు ఉంది, గోడలోని చిన్న గుంతలు పొడుగ్గా సాగాయి, కణాలు మాత్రం బుద్ధిగా వరసలో ఉన్నాయి. హమ్మయ్య అనుకున్నాను. తర్వాత రెండోది పెట్టాను. ఒక మూల కడుపు గోడలాగే ఉంది. స్లైడ్ కొంచెం జరపగానే గోబ్లెట్ కణాలు కనబడ్డాయి. గోబ్లెట్ కణాలంటే చిన్న చిన్న గిన్నెల్లా ఉండి జిగురు తయారు చేసేవి. అవి పేగులో ఉంటాయి. బాగున్న కడుపులో ఉండవు. ఈ సంగతి నన్ను నిద్రలో లేపి అడిగినా చెప్తాను. ఎన్ని వందల ఎలుక పేగులు కోశాను!

అప్పుడే నవ్వాను. "దొరికిన్రు కొడుకులు" అని పైకే అన్నాను. ఎవరి పేగు ముక్కో తెచ్చి నా భార్య పేరు మీద ఎక్కించారని నాకు రూఢి అయిపోయింది. అలా జరగదని ఎవరైనా అంటే నేను ఒప్పుకునేవాణ్ని కాదు, ఎందుకంటే నా చేతిలోనే ఒకసారి జరిగింది. ఉద్యోగంలో చేరిన కొత్తలో స్లైడ్ల మీద పెన్సిలుకు బదులు పెన్నుతో రాశాను. రంగులు పట్టించేటప్పుడు ఆ సిరా కాస్తా కరిగిపోయింది. మందిచ్చిన ఎలుక ఏదో, ఇవ్వని ఎలుక ఏదో తెలియక, ఒక పిల్ల రెండేళ్ల పని బూడిదలో పోసిన పన్నీరైంది. ఆ పిల్ల నా ముందే ఏడ్చింది. అప్పట్నుంచి ఎవరి స్లైడ్ చూసినా ముందు పేరు మారిందేమోననే అనుమానిస్తాను. ఆ అనుమానాన్ని నేను అనుభవం అనుకున్నాను.

చేపల పేగుల మీద ముప్ఫయ్యేళ్లుగా పనిచేస్తున్న మా ప్రొఫెసర్ మేడమ్‌ని పిలిచి చూపించాను. ఎవరిదో చెప్పకుండా, "మేడం, ఇదేంది చెప్పుండ్రి" అన్నాను.

ఆమె చూసి, "పేగులాగే ఉందే" అంది.

"కడుపుదని రాసిన్రు మేడం. మా ఇంటామెది. మార్చేసినట్టున్నరు."

ఆమె మళ్లీ కన్ను ఆనించి చాలాసేపు చూసింది. ఒక మూల నుంచి ఇంకో మూలకు స్లైడ్ జరిపి చూసింది. ఆమె మొహంలో నవ్వు లేదు. "నేను చేపల మనిషిని. మనిషి కడుపులో జబ్బు వస్తే ఎలా ఉంటుందో నాకు తెలియదు, మీకూ తెలియదు. మనుషుల స్లైడ్లు చూసే డాక్టర్‌తో మాట్లాడండి. ఇవాళే మాట్లాడండి" అంది.

ఆమె చెప్పినదాంట్లో 'పేగులాగే ఉంది' అన్నంత వరకే నా చెవికెక్కింది.

సాయంత్రం ల్యాబ్‌కి వెళ్లాను, గొడవ పెట్టుకోవడానికే వెళ్లాను. నాకు ముక్కు మీద కోపం, ఇంట్లో అందరికీ తెలుసు. కౌంటర్ మీద స్లైడ్ డబ్బా టక్కున పెట్టి, "ఎవరి ముక్కనో మా ఆమె పేరు మీద ఎక్కిస్తిరి. మనుషుల పానాలతోని పరాచికాలా?" అని అరిచాను. కూర్చున్న వాళ్లందరూ నా వైపు చూశారు. కౌంటర్లో ఉన్నాయన పాపం కోపం తెచ్చుకోలేదు. "సార్, స్లైడ్లు చూసే డాక్టర్ సారు ఏడింటికి వస్తడు. జర కూసోండి, ఆయననే అడగండి" అని కుర్చీ చూపించాడు.

పావుగంట కూర్చున్నాను. ఏడింటికి ఇంకా ముప్పావుగంట ఉంది. కోపం చల్లారుతుంటే ఆకలి వేసింది, విసుగొచ్చింది. 'అతనొచ్చి తప్పు ఒప్పుకుంటాడా ఏంది, మా మీదే ఎగురుతాడు' అనుకుని లేచి వచ్చేశాను. నా భార్య ప్రాణానికి నేను పెట్టిన ఖరీదు ముప్పావుగంట. ఆ మాత్రం కూడా కూర్చోలేకపోయాను.

ఇంటికొచ్చాను. ఆమె గుమ్మంలోనే ఎదురైంది. చెప్పులు కూడా విప్పనివ్వలేదు.

"ఏమొచ్చింది?"

"మంచిగనే ఉన్నది. మామూలు పాలిప్స్ అంట. ఏం ఫికర్ లేదు."

"నిజం చెప్పు."

"నేనే మైక్రోస్కోప్‌ల చూసిన. ఇంకేం కావాలె నీకు?"

అంతే, ఆమె అక్కడే గుమ్మం మీద కూర్చుండిపోయి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. వాళ్లమ్మలాగా కాదులే అని ఏడ్చింది. రెండో సీసా సంగతి అప్పుడు చెప్పి ఉండొచ్చు. 'వేరే వాళ్ల ముక్క మన పేరు మీద వచ్చినట్టుంది, ఇంకోసారి పరీక్ష చేయించుకుందాం' అని ఒక్క మాట అంటే సరిపోయేది. అంటే మళ్లీ గొట్టం, మళ్లీ భయం, మళ్లీ వారం రోజులు నిద్ర లేకుండా ఎదురుచూపు. ఇంత సంతోషంగా ఉన్న మనిషిని ఎందుకు కుళ్లబొడవాలి అనుకున్నాను. అలా అనుకోవడం ప్రేమేనని నాకు అప్పట్లో పూర్తి నమ్మకం. స్లైడ్లు నా బీరువాలో కాగితాల అడుగున పెట్టేశాను.

రెండు వారాల మందులు వాడింది. మంట తగ్గింది. మొహం తేటపడింది. బళ్లో అందరికీ, "మా ఆయన మైక్రోస్కోప్‌ల సొంతంగ చూసిండు" అని చెప్పుకుందట. ఒకరిద్దరు టీచర్లు వాళ్లింట్లో వాళ్ల రిపోర్టులు కూడా ఆమె చేత నాకు పంపించారు. నేను వద్దనలేదు.

ఏడాది తిరిగింది. చీటీ ఆమెకు గుర్తుంది. "రెండు గీతలు గీసింది గద డాక్టరమ్మ. పోదామా?" అంది. నాకు చిర్రెత్తుకొచ్చింది. ఆ గీతలు వేరే ఎవరి ముక్కనో చూసి గీసినవని నా లెక్క. ఆ మాట చెప్పలేను. అందుకని, "గొట్టమేసుడు వాళ్లకు ఆదత్. మంచిగున్న కడుపుల మల్లమల్ల ఎందుకే గెలుకుడు?" అన్నాను. ఆమె "నువ్వు చూసినవ్ గద" అంది. ఆ మాట నన్ను అడిగిందో, తనకు తాను చెప్పుకుందో తెలియదు. రెండో ఏడు కూడా అడిగింది. మూడో ఏడు అడగలేదు.

మూడో ఏడు ఎండాకాలంలో అన్నం మిగల్చడం మొదలుపెట్టింది. రెండు ముద్దలకే కడుపు నిండిపోయిందనేది. మంట లేదు, నొప్పి లేదు. ఉన్నట్టుండి మాంసం వాసన పడలేదు. గాజులు మోచేతి దాకా జారేవి. ఇద్దరం పొద్దున క్యాంపస్‌లో నడుస్తుంటే, ఎప్పుడూ నాకంటే ముందుండే మనిషి వెనకబడి, ఏదో చెట్టు మీది నెమలిని చూస్తున్నట్టు నిలబడిపోయేది. ఆయాసం నాకు తెలియనివ్వకుండా అలా నిలబడేదని తర్వాత అర్థమైంది. బళ్లో ఆరోగ్య శిబిరం పెడితే రక్తం బాగా తక్కువుందన్నారు. వయసు మీద పడ్డ ఆడవాళ్లకు అది మామూలే అనుకుంది. నేనూ అదే అన్నాను. కానీ నాకు లోపల ఎక్కడో గుబులు మొదలైంది. ఆమె తింటున్నప్పుడు కంచం వైపు దొంగచూపులు చూసేవాణ్ని. ఒక రోజు ఆమె నా ముందు ముద్ద మింగి, లేచి పెరట్లోకి వెళ్లింది. కుళాయి తిప్పిన చప్పుడు వినబడింది. ఆ చప్పుడు వెనక ఆమె కక్కుతోంది.

అదే డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాం. గొట్టం వేసి చూసి, బయటికొచ్చి మాస్కు తీసి పాత కాగితాలు అడిగింది. ముక్కలు పంపించి, స్కానింగ్ కూడా తీయించింది. ఈసారి రిపోర్టుకి ఇద్దరం కలిసే వెళ్లాం.

"పాలిప్స్ అలాగే ఉన్నాయి" అంది డాక్టరమ్మ. "వాటిలో ఏమీ లేదు. కొన్ని చిన్నవైపోయాయి కూడా. కాన్సర్ వాటి పక్కన గోడలో వచ్చింది. ఎత్తుగా కూడా లేదు, చదునుగా పాకింది."

కాన్సర్ అన్న మాటను ఆమె మామూలు గొంతుతోనే అంది.

"పోయినసారే రెండో సీసాలో రాశాం" అంటూ డాక్టరమ్మ పాత రిపోర్టు మా వైపు తిప్పి, నేను వదిలేసిన ఆ రెండో మాట మీద వేలు పెట్టింది. "ఏళ్ల తరబడి వాచి వాచి, కడుపు గోడ తన తీరు మార్చుకుని పేగు గోడలాగా తయారవుతుంది. కొందరికి అక్కడితో ఆగిపోతుంది, కొందరికి ముందుకు పోతుంది. ఎవరికి పోతుందో ముందే చెప్పలేం కాబట్టి ఏడాదికి రమ్మన్నాం. వచ్చి ఉంటే ఇది వచ్చేదే కాదని చెప్పను. కానీ చిన్నగా ఉండగా పట్టుకుంటే గొట్టంతోనే తీసేసేదాన్ని. ఇప్పుడు కడుపు చాలా భాగం తీసెయ్యాలి. స్కానింగ్‌లో పక్కన గ్రంథులు కూడా కొంచెం అనుమానంగా ఉన్నాయి."

పేగు గోడలాగా. నేను చూసింది అదే. ఆ గిన్నెల కణాలు ఎవరివో కావు, నా భార్యవే. నా కన్ను తప్పు చూడలేదు. చూసినదానికి అర్థం చెప్పే చదువు నాకు లేదు, లేదని ఒప్పుకునే బుద్ధీ లేదు.

"ఇంత స్పష్టంగా రాసిచ్చినా ఎందుకు రాలేదు?" అని అడిగింది డాక్టరమ్మ. నన్నే అడిగింది, నా వైపే చూసి అడిగింది.

నేను నోరు తెరిచేలోపే నా భార్య జవాబిచ్చింది. "బడి మేడం. పరీక్షలు, పేపర్లు దిద్దుడు. నాకే కుదర్లేదు. ఈయన పోదామనే అన్నడు."

అబద్ధం ఆడటం ఆమెకు అస్సలు రాదు. చెవులు ఎర్రబడతాయి. అప్పుడూ ఎర్రబడ్డాయి. నాకు చచ్చిపోవాలనిపించింది.

బయట వరండాలో రక్తపరీక్షకు వరసలో కుర్చీలున్నాయి. అక్కడ కూర్చున్నాక ఇంక ఆగలేకపోయాను. అన్నీ చెప్పేశాను. రెండో సీసా, గిన్నెల కణాలు, ప్రొఫెసర్ మేడం మాట, ల్యాబ్‌లో నా రంకెలు, కూర్చోలేకపోయిన ముప్పావుగంట, బీరువాలో కాగితాల కింద స్లైడ్లు, ఏదీ దాచలేదు. ఆమె నేల వైపు చూస్తూ విన్నది. తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"అంటే నువ్వు చూసినవ్" అంది చివరికి.

"చూసిన."

"చూసి, నాకు చెప్పలే."

"నువ్వు పరేషాన్ అయితవని..."

"నాకు చెప్తే నేను పోతుంటి గద" అంది. గొంతు పెంచలేదు. "వేరేటోళ్ల ముక్కో, నా ముక్కో, ఏదో ఒకటి. తేల్చుకొని వస్తుంటి. మా అమ్మకైతే చెప్పేటోళ్లు లేకుండె. నాకు నువ్వుంటివి."

నర్సు వచ్చి ఆమె పేరు పిలిచి, కొత్త రిపోర్టు, పాత రిపోర్టు రెండూ కలిపి నా చేతికివ్వబోయింది. ఇన్నేళ్లూ ఆసుపత్రి కాగితాలు నా చేతికే ఇచ్చేవాళ్లు, అలవాటుగా నేను చెయ్యి చాపాను. నా భార్య మధ్యలోనే అందుకుంది.

"నేనే సదువుకుంట" అంది.

ఒళ్లో పెట్టుకుని మొదటి పేజీ మొదటి వరస నుంచి మొదలుపెట్టింది. ఆమెకు ఇంగ్లీషు అంత ధారాళంగా రాదు. ఒక్కో మాట కింద వేలు పెట్టుకుని, పెదాలు కదుపుతూ, పిల్లల పరీక్ష పేపరు చదివినట్టు నిదానంగా చదివింది. తెలియని మాట వచ్చిన చోటల్లా బ్యాగులోంచి ఎర్ర పెన్ను తీసి గీత గీసుకుంది. పక్క కుర్చీలోనే ఉన్నాను, మోచెయ్యి తగులుతోంది. ఆ గీతలున్న మాటల్లో సగం నాకు తెలుసు. తర్వాత లోపలికి వెళ్లి అన్నీ డాక్టరమ్మనే అడిగింది. నన్ను ఒక్కటి కూడా అడగలేదు.